బవేరియా ఆల్ప్స్‌లో రాజుల కోటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మ్యూనిక్ నుంచి నైరుతి దిక్కుగా రైల్లో రెండు గంటలు వెళ్తే పచ్చిక మైదానాలు ముగిసి ఆల్ప్స్ కొండలు ఒక్కసారిగా నిటారుగా లేస్తాయి. ఆ అంచునే దక్షిణ జర్మనీలోని బవేరియాను ఒకప్పుడు ఏలిన రాజుల కోటలున్నాయి. జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లలో చాలామంది ఊరి నుంచి అమ్మానాన్నలు రాగానే మొదట పెట్టుకునే ప్రయాణం ఇదే. అలా వచ్చిన బంధువులను, స్నేహితులను వెంటబెట్టుకుని తిరుగుతున్నప్పుడు మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్నలకు ఇవి నా జవాబులు. ధరలు, వేళలు ఏటా మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు అధికారిక వెబ్‌సైట్లలో ఒకసారి సరిచూసుకోండి.

అసలు ఇక్కడ ఎన్ని కోటలున్నాయి? ఎక్కడెక్కడ?

అందరి నోటా వినిపించే పేరు నోయిష్వాన్‌స్టైన్. ఇది ఫ్యూసెన్ పట్టణం పక్కన హోహెన్‌ష్వాంగావు అనే చిన్న ఊరి మీద, కొండ కొమ్మున ఉంది. అదే ఊళ్లో ఎదురుగా, కాస్త తక్కువ ఎత్తులో పసుపు రంగు గోడలతో హోహెన్‌ష్వాంగావు కోట కనిపిస్తుంది. అక్కడికి తూర్పున, ఎట్టాల్ మఠం దగ్గరి లోయలో లిండర్‌హోఫ్. గార్మిష్ పట్టణం పైన, 1,866 మీటర్ల ఎత్తున షాఖెన్ రాజగృహం. మ్యూనిక్‌కు ఆగ్నేయంగా కీమ్‌జే సరస్సులోని దీవిలో హెరెన్‌కీమ్‌జే.

వీటిలో హోహెన్‌ష్వాంగావు తప్ప మిగతా నాలుగూ బవేరియా రాజు రెండో లుడ్విగ్ కట్టించినవే. ఆ నాలుగింటికీ కలిపి 2025 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. పారిస్‌లో జరిగిన అవే సమావేశాల్లో మన దేశపు మరాఠా దుర్గాలు కూడా జాబితాకెక్కాయి.

నోయిష్వాన్‌స్టైన్ ఎన్ని వందల ఏళ్ల నాటిది?

చాలామంది ఏడెనిమిది వందల ఏళ్ల నాటిదని అనుకుంటూ వస్తారు. దీనికి శంకుస్థాపన జరిగింది 1869 సెప్టెంబరు 5న. అంటే వయసులో ఇది గోల్కొండకు కాదు, ఫలక్‌నుమాకు తోటిది. హైదరాబాదులో వికారుల్ ఉమ్రా 1884లో ఫలక్‌నుమా పని మొదలుపెట్టే నాటికి ఇక్కడ రాజు గదులు దాదాపు పూర్తయ్యాయి.

కాబట్టి ఇక్కడ ఫిరంగులు, మందుగుండు కొట్లు, ముట్టడికి తట్టుకునే ప్రాకారాలు వెతకకండి. ఈ బురుజుల మీద నుంచి ఎవరూ ఎప్పుడూ యుద్ధం చేయలేదు. బయటి నమూనా గీసింది క్రిస్టియన్ యాంక్ అనే రంగస్థల చిత్రకారుడు. నాటకాలకు తెరలు గీసే మనిషి వేసిన బొమ్మను పట్టుకుని, ఎడ్వర్డ్ రీడెల్, ఆయన తర్వాత గేయోర్గ్ డోల్‌మన్, యూలియస్ హోఫ్‌మన్ అనే వాస్తుశిల్పులు కొండ మీద నిలబెట్టారు. తెల్లగా మెరిసే రాయి పైతొడుగు మాత్రమే; లోపల ఉన్నది ఇటుక కట్టడం. సామగ్రిని పైకి చేర్చడానికి ఆవిరితో నడిచే క్రేను వాడారు. సింహాసన మందిరాన్ని మోస్తున్నది ఉక్కు చట్రం.

ఇదంతా చెబితే కొందరు నిరుత్సాహపడతారు. నాకు మాత్రం ఈ సంగతి తెలిసిన తర్వాతే ఆ కోట మీద అసలైన ఆసక్తి కలిగింది. రైళ్లు, టెలిఫోన్లు వచ్చేసిన కాలంలో ఒక రాజు తన సొంత కలకు రాతిరూపం ఇచ్చుకున్నాడు. దాన్ని అలాగే చూడాలి.

లుడ్విగ్‌కు పిచ్చి అని చెబుతారు. నిజమేనా?

ఆ ముద్ర వేసింది ఆయనను స్వయంగా పరీక్షించని వైద్యులు. 1886 జూన్‌లో బెర్న్‌హార్డ్ ఫోన్ గుడ్డెన్ అనే మానసిక వైద్యుడి నాయకత్వంలో నలుగురు వైద్యులు కలిసి నివేదిక రాశారు. సేవకులు, ఆస్థానం వాళ్లు ఇచ్చిన వాంగ్మూలాలే దానికి ఆధారం. ఆ నివేదిక చూపి బాబాయి లూయిట్‌పోల్డ్‌ను రాజప్రతినిధిగా ప్రకటించారు. జూన్ 12 తెల్లవారుజామున రాజును నోయిష్వాన్‌స్టైన్‌లోనే పట్టుకుని స్టార్న్‌బెర్గ్ సరస్సు ఒడ్డున ఉన్న బెర్గ్ కోటకు తరలించారు. మరునాటి సాయంత్రం రాజు, గుడ్డెన్ ఇద్దరే షికారుకు వెళ్లారు. రాత్రి సరస్సులో ఇద్దరి శవాలూ దొరికాయి. రాజుకు అప్పటికి నలభై ఒకటో ఏడు. ఆ సాయంత్రం ఏం జరిగిందో ఇప్పటికీ తేలలేదు. హత్య, ఆత్మహత్య, పారిపోయే ప్రయత్నం అంటూ ఇక్కడి జనం నేటికీ వాదించుకుంటారు.

ఆయన ఎందుకిలా కొండల్లోకి తప్పుకున్నాడో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1864లో పద్దెనిమిదేళ్లకే గద్దెనెక్కాడు. రెండేళ్లకే వచ్చిన యుద్ధంలో బవేరియా ఆస్ట్రియా పక్షాన నిలిచి, ఉత్తరాది జర్మన్ రాజ్యమైన ప్రష్యా చేతిలో ఓడిపోయింది. యుద్ధం వస్తే తన సైన్యాన్ని ప్రష్యా కింద పెట్టాలన్న ఒప్పందం మీద సంతకం చేయాల్సి వచ్చింది. 1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడ్డాక ఆయన పేరుకు మాత్రమే రాజు. నిజమైన రాజ్యం చేజారిపోయాక, తాను ఏలగలిగే మరో లోకాన్ని రాళ్లతో, రంగులతో కట్టుకున్నాడు. ఈ కోటలను ఆ దుఃఖం నుంచి విడదీసి చూడలేం.

ప్రజల సొమ్ము తగలేశాడా?

లేదు. ఖర్చంతా రాజుకు వచ్చే సొంత భరణం నుంచి, ఆ తర్వాత అప్పుల నుంచి పెట్టాడు. ప్రష్యా నేత బిస్మార్క్ నుంచి రహస్యంగా అందిన డబ్బు కూడా కొంత కలిసింది. నోయిష్వాన్‌స్టైన్ ఒక్కదానికే ఆయన చనిపోయే నాటికి 60 లక్షల మార్కులు దాటాయి. 1885 నాటికి మొత్తం అప్పులు 1 కోటి 40 లక్షల మార్కులు. అప్పులవాళ్లు జప్తు చేస్తామని బెదిరించే దాకా వచ్చింది. గద్దె దించడానికి అది పెద్ద కారణమైంది.

ఆయన పోయిన ఏడు వారాలకే, 1886 ఆగస్టు 1న, డబ్బు తీసుకుని జనాన్ని లోపలికి వదలడం మొదలుపెట్టారు. మనుషులకు దూరంగా ఉండాలని కట్టుకున్న ఇంటికి కొవిడ్‌కు ముందు ఏటా సుమారు 14 లక్షల మంది వచ్చేవారు. వేసవిలో రోజుకు ఆరు వేల మంది.

లోపల ఏమేం చూపిస్తారు?

రెండు వందలకు పైగా గదులు అనుకున్న కోటలో పూర్తయినవి పదిహేను లోపే. చూపించేది ఆ పూర్తయిన భాగాన్నే. గైడు వెంట గుంపుగా సుమారు అరగంట నడుస్తారు. ఆ అరగంటలో కళ్లు ఎక్కడ పెట్టాలో ముందే తెలిసి ఉంటే మంచిది.

సింహాసన మందిరం రెండంతస్తుల ఎత్తున, తూర్పు రోమన్ సామ్రాజ్యం నాటి (బైజాంటియన్) చర్చిలా ఉంటుంది. కిందికి చూడండి. నేల నిండా జంతువులు, మొక్కలు. ఇరవై లక్షలకు పైగా చిన్న రాళ్లు పేర్చి చేసిన మొజాయిక్ అది. పైన గుమ్మటం నిండా నక్షత్రాలు. భూమికీ ఆకాశానికీ మధ్య, కిరీటం ఆకారంలో దాదాపు ఒక టన్ను బరువున్న దీపగుచ్ఛం వేలాడుతుంది. కొవ్వొత్తులు వెలిగించడానికి దాన్ని చక్రంతో కిందికి దించేవారు. తెల్లని పాలరాతి మెట్లెక్కి చూస్తే సింహాసనం ఉండాల్సిన చోట ఏమీ లేదు. రాజు పోవడంతో దాన్ని చేయించనే లేదు.

పడకగదిలో చెక్క పని చూసి తీరాలి. మంచం పైకప్పు మీద గోథిక్ చర్చి శిఖరాల్లాంటి సన్నని చెక్కుళ్లు వరసగా లేచి ఉంటాయి. పద్నాలుగు మంది చెక్కేవాళ్లు నాలుగేళ్ల పైన చేసిన పని అది. ముఖం కడుక్కునే చోట నీళ్లు హంస బొమ్మ నోటి నుంచి వస్తాయి. కోటంతా హంసలే: కుండీల్లో, తలుపు పిడుల్లో, తెరల మీద. హంసవాహనుడైన వీరుడు లోహెన్‌గ్రిన్ గాథ రాజుకు ప్రాణం. ఆ కథనే సంగీత నాటకంగా మలచిన జర్మన్ స్వరకర్త రిచర్డ్ వాగ్నర్‌ను ఆయన గద్దెనెక్కిన మొదటి రోజుల్లోనే పిలిపించుకుని పోషించాడు.

కూర్చునే గదికీ చదువుకునే గదికీ నడుమ హఠాత్తుగా ఒక గుహ వస్తుంది. రాతి గుహ కాదు, మనుషులు చేసిందే. గాయకుల మందిరం అన్నిటికంటే విశాలమైనది. రాజు బతికి ఉండగా అందులో ఒక్క కచేరీ కూడా జరగలేదు. మొదటి కచేరీ 1933లో.

చివర్లో వంటగది వస్తుంది. అందరూ తొందరగా దాటేస్తారు, మీరు మాత్రం ఆగండి. వేడి నీటి కుళాయిలు, పొయ్యి వేడికి తనంతట తాను తిరిగే, మాంసం కాల్చే ఊచ, అన్ని అంతస్తులకూ పైనున్న ఊట నుంచి నీళ్లు, వేడి గాలితో గదులను వెచ్చబరిచే ఏర్పాటు, సేవకులను పిలిచే విద్యుత్ గంట: ఇంత ఆధునికమైన ఇంట్లో ఆయన గడిపింది మొత్తం 172 రోజులే.

టికెట్లు ఎలా తీసుకోవాలి?

ఆన్‌లైన్‌లో, ముందుగానే. వేసవిలో అయితే కొన్ని వారాల ముందే. హోహెన్‌ష్వాంగావు ఊళ్లోని టికెట్ కేంద్రంలో ఆ రోజుకు కొన్ని దొరకవచ్చు కానీ వాటిని నమ్ముకుని పెద్దవాళ్లను అంత దూరం తీసుకెళ్లవద్దు. పెద్దల టికెట్ 20 యూరోల చుట్టుపక్కల ఉంటుంది, బుకింగ్ రుసుము అదనం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు నోయిష్వాన్‌స్టైన్‌లో ప్రవేశం ఉచితం, అయినా వాళ్ల పేరున కూడా టికెట్ తీసుకోవాలి.

టికెట్ మీద మీ గుంపు సంఖ్య, లోపలికి వెళ్లాల్సిన సమయం ఉంటాయి. ద్వారం దగ్గర ఆ సంఖ్య తెర మీద కనిపించినప్పుడే గేటు తెరుచుకుంటుంది. అయిదు నిమిషాలు ఆలస్యమైనా ఆ టికెట్ వృథా. కళ్ల ముందే ఇలా టికెట్లు పోగొట్టుకున్న కుటుంబాలను చాలాసార్లు చూశాను. టికెట్ కేంద్రం దగ్గర నుంచి పైకి చేరడానికి గంటన్నర చేతిలో ఉంచుకోండి.

లిండర్‌హోఫ్, హెరెన్‌కీమ్‌జే కూడా చూసే ఉద్దేశం ఉంటే మూడింటికీ కలిపి ఆరు నెలలు చెల్లే ఉమ్మడి టికెట్ దొరుకుతుంది. ఉమ్మడి టికెట్ ఉన్నా నోయిష్వాన్‌స్టైన్‌కు సమయం విడిగా తీసుకోవాల్సిందే.

మ్యూనిక్ నుంచి ఎలా వెళ్లాలి?

ప్రధాన రైల్వే స్టేషను నుంచి ఫ్యూసెన్‌కు దాదాపు గంటకో ప్రాంతీయ రైలు. కొన్ని నేరుగా వెళ్తాయి, కొన్నిటికి బుఖ్లోలో గానీ కౌఫ్‌బోయ్‌రెన్‌లో గానీ మారాలి. ఫ్యూసెన్ స్టేషను ముందే బస్సులు నిలబడి ఉంటాయి, పది నిమిషాల్లో హోహెన్‌ష్వాంగావులో దిగుతారు.

దేశమంతటా ప్రాంతీయ రైళ్లలో, బస్సుల్లో చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవాళ్లకు ఈ ప్రయాణానికి వేరే ఖర్చు లేదు. ఊరి నుంచి వచ్చినవాళ్లకు బవేరియా రోజువారీ టికెట్ లాభం; అయిదుగురి దాకా ఒకే టికెట్ మీద వెళ్లవచ్చు. పని దినాల్లో అది ఉదయం 9 గంటల తర్వాతే చెల్లుతుంది. అందువల్ల ఆ టికెట్‌తో వెళ్తే కోట సమయాన్ని మధ్యాహ్నం రెండు తర్వాతే తీసుకోండి. ఈ రెండు టికెట్లూ వేగపు రైళ్లలో చెల్లవు.

దారిలో కుడి ఎడమలు చూసుకోవాల్సిన పని లేదు. ఫ్యూసెన్ దగ్గరపడే కొద్దీ కొండలు ఎదురుగా వస్తాయి.

కింద నుంచి కోట దాకా ఎంత దూరం?

సుమారు కిలోమీటరున్నర, అంతా ఎత్తు. తారు రోడ్డే కాబట్టి నడవడానికి ఇబ్బంది లేదు, మామూలు నడకతో నలభై నిమిషాలు. నడవలేనివాళ్లకు గుర్రపు బండి ఉంది. అది కోట గుమ్మం దాకా పోదు, దించిన చోటి నుంచి ఇంకా పది నిమిషాలు ఎక్కాలి. బండికి ముందస్తు బుకింగ్ లేదు, వరసలో నిలబడాలి. మూడోది చిన్న బస్సు. అది కోట కంటే పైన, మారియెన్‌బ్రూకె వంతెన దగ్గర దించుతుంది. అక్కడి నుంచి కోటకు పది పదిహేను నిమిషాలు దిగుడు. మంచు పడినా, రోడ్డు గడ్డకట్టినా బస్సు నడపరు.

అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు. తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లవచ్చు, కానీ ముందే తెలుసుకుని వెళ్లండి. కోట లోపల ఎక్కేవి, దిగేవి కలిపి మూడు వందలకు పైగా మెట్లు. అందులో చుట్లు తిరుగుతూ పోయే సన్నని మెట్లు కూడా ఉన్నాయి. గుంపుతో పాటు కదలాలి కాబట్టి మధ్యలో కూర్చుని అలుపు తీర్చుకునే వీలు తక్కువ. చక్రాల కుర్చీ వాడేవాళ్లకు లిఫ్టు ఉంది, దానికి ముందుగానే చెప్పి సమయం తీసుకోవాలి.

మోకాళ్లు మరీ ఇబ్బంది పెడుతుంటే నేనైతే వాళ్లను లిండర్‌హోఫ్‌కు తీసుకెళ్తాను. ఆ భవనం చిన్నది, దారి చదును, తోట అందం. నోయిష్వాన్‌స్టైన్‌ను వాళ్లు కింద ఆల్ప్‌జే సరస్సు ఒడ్డున బల్ల మీద కూర్చుని తనివితీరా చూడవచ్చు. నీళ్లు పచ్చగా, అడుగు రాళ్లు కనిపించేంత తేటగా ఉంటాయి. అలా కూర్చున్న పెద్దవాళ్లెవరూ లోపలికి వెళ్లలేకపోయామని బాధపడగా నేను వినలేదు.

క్యాలెండర్లలో కనిపించే ఆ ఫొటో ఎక్కడి నుంచి తీస్తారు?

మారియెన్‌బ్రూకె మీద నుంచి. లుడ్విగ్ తల్లి మేరీ రాణి పేరు పెట్టిన వంతెన అది. మొదట ఆయన తండ్రి మాక్సిమిలియన్ చెక్కతో వేయించాడు. ఇప్పుడున్న ఇనుప వంతెన 1866 నాటిది. కింద పొల్లాట్ వాగు దాదాపు తొంభై మీటర్ల లోతున జలపాతమై దూకుతుంది. వంతెన ఇరుకు, వేసవి మధ్యాహ్నాల్లో దాని మీదికి వెళ్లడానికే వరస కడతారు. పొద్దున్నే వెళ్లండి, లేదా సాయంత్రం అయిదు దాటాక.

వంతెన దాటి కంచె దూకి రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగేవాళ్లు కనిపిస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. అక్కడ మట్టి జారుతుంది, కింద లోయ. అంతకంటే మంచి దృశ్యం కావాలంటే టెగెల్‌బెర్గ్ రోప్‌వే ఎక్కండి. 1,700 మీటర్ల పైన దిగితే ఒకవైపు కొండల వరసలు, మరోవైపు మైదానం, సరస్సులు.

ఒక సంగతి. ఫొటోల్లో కోట వెనక పెద్దగా కనిపించే ఫోర్గెన్‌జే సహజమైన సరస్సు కాదు, లెఖ్ నది మీద 1954లో పూర్తయిన జలాశయం. చలికాలంలో దాన్ని ఖాళీ చేస్తారు. మార్చిలో వచ్చి నీళ్లేవని అడిగేవాళ్లకు కారణం ఇదే.

లోపల ఫొటోలు తీయనిస్తారా?

నోయిష్వాన్‌స్టైన్ లోపల ఫొటోలు, వీడియోలు రెండూ నిషిద్ధం. డ్రోను ఎగరేయడం కూడా. పెద్ద బ్యాగులు, పిల్లల తోపుడు బండ్లు లోపలికి రానివ్వరు.

హోహెన్‌ష్వాంగావు కోట కూడా చూడాలా?

చూడాలి. సమయం చాలక ఎక్కువమంది వదిలేసేది దీన్నే, నా లెక్కలో మాత్రం ఇది ముందు చూడాల్సినది. మధ్యయుగం నుంచి ఇక్కడ ఉండి శిథిలమైన ష్వాన్‌స్టైన్ కోటను మాక్సిమిలియన్ యువరాజుగా ఉన్నప్పుడు కొని, 1830లలో తిరిగి కట్టించాడు. లుడ్విగ్ చిన్ననాటి వేసవులు గడిచింది ఇక్కడే. గోడల నిండా హంసవీరుడి గాథ, పాత జర్మన్ వీరగాథలు. ఆ బొమ్మల మధ్య పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక ఎదురు కొండ మీద ఏం కట్టాడో ఇక్కడి నుంచి చూస్తేనే బోధపడుతుంది.

పడకగది పైకప్పు మీద నక్షత్రాలుంటాయి, వెనక నుంచి దీపాలు పెట్టి వాటిని వెలిగించేవారు. కిటికీ దగ్గర ఒక దుర్భిణి ఉంది. ఎదురుగా తన కోట పని ఎంతవరకు వచ్చిందో రాజు అందులోంచి చూసుకునేవాడు. ఈ కోట ఇప్పటికీ రాజవంశపు నిధి ఆధీనంలోనే ఉంది, అందుకే దీనికి టికెట్ వేరు. గదులు మనుషులు నివసించిన గదుల్లా ఉంటాయి.

లిండర్‌హోఫ్ ప్రత్యేకత ఏమిటి?

లుడ్విగ్ తలపెట్టిన పెద్ద భవనాల్లో ఆయన కళ్ల ముందు పూర్తయినది ఇదొక్కటే. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ మీద ఆయనకున్న ఆరాధనకు గుర్తు. భోజనాల గదిలో బల్ల నేలలోంచి కిందికి దిగి, వడ్డించిన వంటకాలతో మళ్లీ పైకి వచ్చేది. సేవకుల ముఖం కూడా చూడకుండా రాజు ఒంటరిగా తినేవాడు.

తోటలో కొండవాలున వీనస్ గుహ ఉంది. దాదాపు పదేళ్ల మరమ్మతుల తర్వాత 2025లో తిరిగి తెరిచారు. ఇనుప చట్రం మీద సిమెంటు పూసి చేసిన గుహ, లోపల సరస్సు, గవ్వ ఆకారపు పడవ. రంగురంగుల వెలుగు కోసం 24 డైనమోలు పెట్టించాడు. బవేరియాలో తొలినాటి విద్యుత్ ఏర్పాట్లలో అదొకటి.

అక్కడికి దగ్గర్లో, అరబ్బు శైలిలో ఉన్న మూరిష్ మంటపంలో మూడు ఎనామెల్ నెమళ్లు పురి విప్పిన సింహాసనం ఉంది. మనవాళ్లకు మొఘలుల నెమలి సింహాసనం గుర్తు రాక మానదు. ఈ రాజుకు మన వైపు మీద మక్కువ నిజంగానే ఉండేది. మ్యూనిక్ రాజభవనం పైకప్పు మీద ఆయన వేయించుకున్న శీతాకాలపు తోటలో సరస్సు వెనక హిమాలయాల తెర కట్టించాడు. ఆ తోటను 1897లో తీసేశారు.

లిండర్‌హోఫ్‌కు రైలు లేదు. ఒబెరామెర్గావ్ దాకా రైల్లో వెళ్లి అక్కడి నుంచి బస్సు పట్టుకోవాలి. చలికాలంలో భవనం తెరిచే ఉంటుంది కానీ తోటలోని మంటపాలు మూసేస్తారు, ఫౌంటెన్లు ఆపేస్తారు.

షాఖెన్‌కు ఎవరు వెళ్లాలి?

కొండ నడక అలవాటున్నవాళ్లు. ఎల్మావ్ నుంచి గానీ గార్మిష్ నుంచి గానీ పైకి మూడు నాలుగు గంటలు నడవాలి, మరో దారి లేదు. జూన్ నుంచి అక్టోబరు మొదటి వారం దాకానే తెరిచి ఉంటుంది. బయటి నుంచి చూస్తే మామూలు చెక్క ఇల్లు. మేడ ఎక్కితే బంగారు రంగు గోడలు, రంగుటద్దాల కిటికీలు, నడుమ ఫౌంటెన్‌తో టర్కీ మందిరం. ఏటా ఆగస్టు 25న తన పుట్టినరోజును రాజు ఇక్కడే జరుపుకునేవాడు. పక్కనే ఉన్న కొండమొక్కల తోటలో హిమాలయాల నుంచి తెచ్చిన మొక్కలు కూడా పెంచుతున్నారు.

హెరెన్‌కీమ్‌జే?

పారిస్ దగ్గరి వెర్సాయి రాజభవనం చూసినవాళ్లు తొందరపడక్కర్లేదు, హెరెన్‌కీమ్‌జేకు నమూనా అదే. సరస్సు ఒడ్డునున్న ప్రీన్ నుంచి పడవ మీద వెళ్లడం పిల్లలకు సరదా. జర్మనీ రాజ్యాంగానికి 1948లో ముసాయిదా తయారైంది ఈ దీవిలోని పాత మఠంలోనే.

నిజమైన పాతకాలపు దుర్గాలు చూడాలంటే?

నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది, అడిగేవాళ్లే తక్కువ. ఫ్యూసెన్‌కు పశ్చిమాన, ప్ఫ్రోంటెన్ వైపు త్సెల్ అనే పల్లె పైన రెండు దుర్గాలు పక్కపక్క గుట్టల మీద ఉన్నాయి. ఐసెన్‌బెర్గ్ పద్నాలుగో శతాబ్దం మొదట్లో కట్టింది. దాని పక్కన హోహెన్‌ఫ్రైబెర్గ్ 1418లో మొదలైంది. 1646లో, ముప్పై ఏళ్ల యుద్ధం చివరి దశలో, శత్రుసైన్యం వస్తోందన్న భయంతో టిరోల్ (ఇప్పటి ఆస్ట్రియా వైపు ప్రాంతం) పాలకులు తమ చేతుల్లోని ఈ రెంటికీ తామే నిప్పు పెట్టించారు. భయపడిన సైన్యం ఆ దారిన రానే లేదు.

పల్లె నుంచి అరగంట, ముప్పావు గంట నడిస్తే పైకి చేరతారు. టికెట్ లేదు, గైడు లేడు, గుంపు లేదు. మీటర్ల మందాన పేర్చిన రాతిగోడలు, వాటి మధ్య గడ్డి. గోడలో రంధ్రం దగ్గర చేయి పెట్టి చూస్తే లోపలి వైపు వెడల్పుగా, బయటికి పోయే కొద్దీ సన్నగా ఉంటుంది. లోపలివాడు గురి చూడటానికి వీలుగా, బయటి బాణం లోపలికి రాకుండా. గోల్కొండ బురుజులెక్కిన కాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. నోయిష్వాన్‌స్టైన్‌లో లేనిది ఇదే. రెండూ ఒకే ప్రయాణంలో చూస్తే లుడ్విగ్ దేన్ని తీసుకున్నాడో, దేన్ని వదిలేశాడో స్పష్టంగా తెలుస్తుంది.

ప్ఫ్రోంటెన్ పైన 1,268 మీటర్ల ఎత్తులో ఫాల్కెన్‌స్టైన్ శిథిలం ఉంది, జర్మనీలో ఇంత ఎత్తున మరో కోట శిథిలం లేదు. లుడ్విగ్ దాన్ని కూడా కొని, అక్కడ మరో కోట కట్టాలని రోడ్డు, నీటి గొట్టాలు వేయించాడు. పని అంతటితోనే ఆగింది.

సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని రాయిటె దగ్గర ఎరెన్‌బెర్గ్ దుర్గసముదాయం ఉంది. లోయ దారిని అడ్డగించే ద్వారం, పైన కోట, దానికంటే పైన ఇంకో కోట, ఎదురు కొండ మీద మరొకటి. శతాబ్దాల పాటు ఒకదాన్ని కాపాడటానికి ఇంకొకటి కట్టుకుంటూ పోయారు. ఇప్పుడు ఎరెన్‌బెర్గ్ శిథిలానికీ ఎదుటి కొండకూ నడుమ 2014లో కట్టిన 406 మీటర్ల వేలాడే వంతెన ఉంది. రోడ్డుకు 114 మీటర్ల ఎత్తున ఇనుప జాలీ మీద నడవాలి, కింద వాహనాలు కనిపిస్తుంటాయి. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు కాలిబాటన కోటకు వెళ్లవచ్చు.

ఏ నెలలో వస్తే మంచిది?

మే చివర నుంచి జూన్ మధ్య వరకు, లేదా సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు. జులై, ఆగస్టుల్లో జనం ఎక్కువ, మధ్యాహ్నం తర్వాత ఉరుములతో వానలు కూడా. అక్టోబరులో బీచ్ చెట్లు రాగి రంగులోకి తిరుగుతాయి. చలికాలపు మంచులో కోట మరీ అందంగా ఉంటుంది, అయితే వంతెన తరచుగా మూసి ఉంటుంది, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. నోయిష్వాన్‌స్టైన్‌ను ఏప్రిల్ నుంచి అక్టోబరు 15 దాకా ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు, మిగతా నెలల్లో 10 నుంచి 4 వరకు తెరుస్తారు. డిసెంబరు 24, 25, 31, జనవరి 1 తేదీల్లో సెలవు.

ఏ నెల అయినా పట్టున్న బూట్లు, పల్చటి వానకోటు ఉండాలి. చీర కట్టుకునే అమ్మలకు కూడా బూట్లే వేయించండి.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది. కేజె ష్పెట్స్‌లె అనే చీజ్ వేసిన పిండి వంటకం, మీద వేయించిన ఉల్లిపాయలతో వస్తుంది. కైజర్‌ష్మార్న్ తీపి అట్టు ముక్కలు, గుడ్డు ఉంటుంది. బంగాళాదుంప సలాడ్, సూపులు చూడ్డానికి శాకాహారంలా ఉన్నా తరచుగా మాంసపు రసంతో చేస్తారు కాబట్టి అడిగి తీసుకోండి. ఊళ్లో హోటళ్లు ఖరీదు, మధ్యాహ్నం రద్దీ. పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్లి ఆల్ప్‌జే ఒడ్డున తినడం అన్ని విధాలా మేలు. ఆకులు, పొట్లాలు తిరిగి సంచిలో వేసుకుని రండి.

ఒక్క రోజు సరిపోతుందా?

నోయిష్వాన్‌స్టైన్ ఒక్కటే అయితే సరిపోతుంది. ఒకే రోజులో లిండర్‌హోఫ్‌ను, దారిలో మరో ఊరిని కలిపి తిప్పే బస్సు యాత్రలున్నాయి, వాటిని నేను ఎవరికీ చెప్పను. ఆరేడు గంటలు బస్సులోనే పోతాయి. వీలుంటే ఫ్యూసెన్‌లో ఒక రాత్రి ఉండండి. మొదటి రోజు హోహెన్‌ష్వాంగావు, ఆ తర్వాత నోయిష్వాన్‌స్టైన్. సాయంత్రం పర్యాటకుల బస్సులు వెళ్లిపోయాక ఆల్ప్‌జే చుట్టూ నడక. అయిదు కిలోమీటర్లు, రెండు గంటల లోపు. రెండో రోజు ఐసెన్‌బెర్గ్ గానీ ఎరెన్‌బెర్గ్ గానీ. ఫ్యూసెన్‌లోనే ఆగ్స్‌బర్గ్ బిషప్పుల పాత కోట ఉంది. దాని లోపలి ప్రాంగణపు గోడల మీద కిటికీలు, ముందుకు పొడుచుకొచ్చిన కిటికీ గూళ్లు నిజమైనవే అనిపించేలా రంగులతో గీశారు. దగ్గరికి వెళ్లి తాకితే గాని నమ్మలేం.

ఎరెన్‌బెర్గ్ ఆస్ట్రియాలో ఉంది కదా, పాస్‌పోర్టు కావాలా?

రెండూ ఒకే వీసా చెల్లే షెంగెన్ కూటమి దేశాలే కాబట్టి వేరే వీసా అవసరం లేదు. అయినా సరిహద్దు దగ్గర, ముఖ్యంగా తిరిగి జర్మనీలోకి వచ్చేటప్పుడు పోలీసులు తనిఖీ చేస్తుంటారు. భారత పాస్‌పోర్టు, దానితో పాటు వీసా గానీ నివాస అనుమతి కార్డు గానీ అసలు ప్రతి చేతిలో ఉండాలి, ఫోనులోని ఫొటో చెల్లదు. ఒకసారి మాత్రమే ప్రవేశం ఇచ్చే షెంగెన్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లు కూడా నిశ్చింతగా వెళ్లిరావచ్చు. షెంగెన్ లోపల దేశం మారడం కొత్త ప్రవేశంగా లెక్కకు రాదు. ఫ్యూసెన్ నుంచి రాయిటెకు బస్సులున్నాయి. ఆదివారాలు, సెలవు రోజుల్లో అవి తగ్గిపోతాయి కాబట్టి తిరుగు బస్సు సమయాన్ని ఎక్కేటప్పుడే చూసి పెట్టుకోండి.